నలభై కుండల పరీక్ష

ఒక పెద్ద అడవిలో, సముద్రం పొద్దుటా సాయంత్రం వచ్చి పలకరించిపోయే మడచెట్ల నడుమ, ఒక రాతిగుంట ఉండేది. అమావాస్యకీ పున్నమికీ వచ్చే పెద్ద పోటు మాత్రమే అందులోకి ఎక్కేది. గుంటనిండా పగడాలు. వాటి మధ్య కెంపు అనే ఎర్రచేప ఒక ఆల్చిప్పలో గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తుండేది.

గుంటకి ఒక సంఘం. అధ్యక్షుడు కొంగ. కార్యదర్శి తాయారమ్మ అనే తాబేలు.

తాయారమ్మ నూట పన్నెండో ఏట అక్షరాలు నేర్చుకుంది. అంతకుముందు ఎనభై ఏళ్ళపాటు గుంటలో కాలు పెట్టి, కాస్త నాలిక్కి తగిలించుకుని నీళ్ళ మంచీచెడ్డా చెప్పేది. చదువొచ్చాక ఆ పని నామోషీ అయింది. "నాలుక మాట ఎవరు నమ్ముతారే? తాటాకు మీద ఉండాలి" అనేది.

ఒకరోజు కెంపు తల పైకెత్తి, "పెద్దమ్మా, ఎండలు ముదురుతున్నాయి. నీళ్ళెలా ఉన్నాయో ఓసారి చూసి చెప్పవూ? ఎనిమిది రోజుల్లో పిల్లలు బయటికొస్తారు" అంది.

కాలు పెడితే తేలిపోయేది. తాయారమ్మ కాలు పెట్టలేదు. సభ పెట్టింది.

"రంగుచుక్కలే శాస్త్రీయం" అంది కొంగ. "కుండెడు నీళ్ళలో రెండు చుక్కలు. రంగు మారాక ఈ రంగుల పట్టీతో పోల్చుకోవడమే."

"నువ్వు పసుపంటావు, నేను లేతాకుపచ్చ అంటాను. అప్పుడేం చేస్తావు, ఓటింగు పెడతావా?" అంది నక్క. "నా దగ్గర అంకె చూపించే పుల్ల ఉంది."

"నిన్న బురదలో గుచ్చినా, ఎండుటాకులో గుచ్చినా ఒకటే అంకె చూపించింది గదోయ్!" అంది కొంగ.

"ఎంత నిలకడో చూశావా మరి!"

మూలనున్న బావురుపిల్లి గొంతు సవరించుకుంది. "ఇంత గొడవెందుకండీ? ఆ చేపని రుచి చూస్తే నీళ్ళ సంగతీ తెలిసిపోతుంది."

తాయారమ్మ అదీ రాసుకుంది.

"రెండూ చేసి పోల్చి చూద్దాం" అంది చివరికి. "తీర్మానం అయ్యేదాకా ఏ నమూనా పారబొయ్యకూడదు." 'నమూనా' ఆవిడ కొత్తగా నేర్చిన మాట. రాస్తుంటే ఒళ్ళు పులకరించింది.

ఇక చూడండి. కొంగకొక కుండ, నక్కకొక కుండ. కొంగ రంగుని నక్క ఒప్పుకోలేదని ఇంకొకటి, నక్క అంకెని కొంగ నమ్మలేదని మరొకటి. ఐదు రోజుల్లో మడచెట్ల నీడన నలభై కుండలు బారులు తీరాయి. ప్రతి కుండకీ ఒక ఆకు, ఆకు మీద తాయారమ్మ దస్తూరీ.

"పెద్దమ్మా, నీళ్ళు వేడెక్కుతున్నాయి" అని కెంపు మొత్తుకుంది.

'ఫిర్యాదు అందినది' అని రాసుకుంది తాయారమ్మ. వత్తు భలే కుదిరిందని రెండుసార్లు చదువుకుంది కూడా.

ఆరో రోజు నలభై ఒకటో కుండ ముంచబోతే టక్కున రాయి తగిలింది. తాయారమ్మ తొంగి చూసింది. అడుగున జానెడు నీళ్ళు, అంచుల్లో ఉప్పు పేరుకుని ఉంది. పగడాలు పాలిపోయాయి. కెంపు పక్కకి ఒరిగిపోయి, ఆల్చిప్ప మీద రెక్కలు విసురుతోంది. పెద్ద పోటుకింకా మూడు రోజులుంది.

ఎన్నాళ్ళకో తాయారమ్మ కాలు దానంతటదే నీళ్ళలోకి వెళ్ళింది. చుర్రుమంది. పరుగులాంటి నడకతో వెళ్ళి నక్క మొదటి కుండలో నాలుక పెట్టింది. నీళ్ళు అమృతంలా ఉన్నాయి.

"అయితే మొదట్నుంచీ బాగానే ఉన్నాయా?" అంది కెంపు నీరసంగా.

"మేము పరీక్ష చేసేదాకా బాగానే ఉన్నాయే తల్లీ. రాతపిచ్చి ముసలిదాన్ని, నన్ననాలి."

కుండలు గుంటలో ఒంపబోతే కొంగ అడ్డొచ్చింది. "నమూనా పారబొయ్యకూడదు. నీ చేతిరాతే!"

తాయారమ్మ తాటాకు తీసి, వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. "పారబొయ్యకూడదని ఉంది నాయనా. అందులో ఎవరూ కాపురముండకూడదని లేదు."

చుక్కలు పడని నక్క కుండలోకి ఆల్చిప్పనీ కెంపునీ దించింది. ఎనిమిదో రోజున కుండనిండా మిణుకుమిణుకుమంటూ పిల్లలు.

తొమ్మిదో రోజు పోటొచ్చి గుంట నిండింది. పగడాలకి ఓ పిసరు రంగు తిరిగింది.

"ఇంటికెళదామా అమ్మా?" అంది తాయారమ్మ.

కెంపు కుండ అంచు మీదుగా చూసింది. గుంట గట్టున కొంగ కొత్త రంగుపట్టీ విప్పుతోంది. నక్క పుల్ల తుడుచుకుంటోంది.

"వద్దులే పెద్దమ్మా. మేమిక్కడే ఉంటాం."

నీతి: పరీక్షల రోజుల్లో గుంటలో ఉండేవాళ్ళకన్నా నమూనాలో ఉండేవాళ్ళే క్షేమం.