పన్ను నొప్పని చెప్పి

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్ను నొప్పని చెప్పి బయటపడాలి, ఆడవాళ్ళ ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి పరీక్ష ఫలితం తెలుసుకోవాలి, మధ్యాహ్నానికల్లా కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి. కొన్నాళ్ళుగా నెల మధ్యలో రక్తం కనబడుతుంటే, డాక్టరమ్మ గర్భసంచిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరేమోనన్న భయంతో అప్పటినుంచి కోడలికి ముద్ద దిగడం లేదు. అత్తకు తెలిస్తే వీధంతా తెలిసినట్టే. అందుకని ఆసుపత్రి చీటీ కూడా చించి పారేసింది మహాతల్లి.

"పన్ను నొప్పా? మరి చెప్పవేమే!" అంటూనే అత్త కొడుక్కి ఫోన్ కొట్టేసింది. "ఒరేయ్, దీనికి దవడ వాచిపోయింది. నీ దగ్గర గడ్డం గీయించుకునే పళ్ళ డాక్టర్ని పట్టుకో. నాకు కళ్ళ పరీక్ష ఉంది, నేను రాలేను."

వాపూ లేదు, గీపూ లేదు. అయినా మొగుడు సెలూన్లో ఎవరిదో సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి స్కూటర్ మీద వచ్చాడు. పెళ్ళాన్ని పళ్ళ డాక్టర్‌కి అప్పజెప్పి, మళ్ళీ కొట్టుకు పరిగెత్తాడు.

"ఏ పన్నమ్మా?"

ఆసుపత్రిలో ఫలితాలిచ్చే కిటికీ మధ్యాహ్నం మూసేస్తారు. కంగారులో ఆమె ఏదో ఒక పన్ను చూపించింది. "లోపల చీము పట్టుంటుంది, తీసేద్దాం," అని ఆయన ఇంజెక్షన్ పొడిచేశాడు. పటకారు కోసం అటు తిరగగానే, కోడలు సంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగి ఒకటే పరుగు.

ఆసుపత్రి చేరేసరికి సగం మొహం మొద్దుబారింది. కిటికీ దగ్గర నర్సు అడిగింది, "పేరు?"

"ఫూ... ఫూ..."

"చీటీ ఏదమ్మా?"

చీటీ ఉంటేగా! పేరు రాసిస్తానని సైగ చేయబోయి మొహం పైకెత్తింది.

"అయ్యయ్యో, మూతి వంకర పోయింది! పక్షవాతం! స్ట్రెచర్ తీసుకురండి!"

ఇద్దరు ఆయాలు ఎత్తి పడుకోబెట్టారు. లేవబోతే భుజాలు నొక్కి పట్టారు. "కదలకమ్మా, ప్రాణానికే ప్రమాదం! పెద్దాసుపత్రికి పంపిద్దాం!" అవతల కిటికీ తలుపు మూస్తున్నారు. తను బతుకుతుందో లేదో తెలిపే కాగితం ఆ తలుపు వెనకే ఉంది. కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"పక్షవాతమా, పాడా! అది నా కోడలు! పన్ను పీకించుకోడానికి వెళ్ళింది!"

బెంచీ మీంచి లేచింది సాక్షాత్తూ అత్త. నర్సును ఆపి, కోడలి పేరూ ఊరూ గడగడా చెప్పేసింది. ఆ పేరు వినగానే ఫలితం కాగితం తీసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది.

"క్యాన్సర్ కాదు. చిన్న కండ పెరిగింది, తీసేస్తే సరిపోతుంది."

కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ అత్త వైపు తిరిగింది. "మీ సంగతేంటి? గర్భసంచి జారింది, ఆపరేషన్ చేయించుకోమని ఏడాదిగా చెప్తున్నా."

కళ్ళ పరీక్షలన్నీ ఇక్కడేనన్నమాట! అత్త తల దించుకుంది. "నేను మంచమెక్కితే ఇల్లెవరు చూస్తారమ్మా? వచ్చే ఏడు చూద్దాం."

కోడలికి చాలా అనాలనుంది. ఒక్క మాటా పలకదే! అత్త చేయి గట్టిగా పట్టుకుని, డాక్టరమ్మకు రెండు వేళ్ళు చూపించింది.

"ఎల్లుండే ఈవిడ ఆపరేషన్ పెట్టమంటావా?"

"ఊఁ!"

అత్త కాదనబోయింది. కన్నీళ్ళూ చొంగా కలిసి కారుతున్న ఆ మొహం చూసి ఆగిపోయింది. "సరేలే తల్లీ," అని కొంగుతో కోడలి మూతి తుడిచింది.

కాపురానికొచ్చాక కోడలు అత్త మీద గెలిచిన వాదన అదొక్కటే, అదీ నోరు పనిచేయని పూట.