కాజూ కత్లీ కింద పట్టీలు

దీపావళి నాటి ఉదయం పదింటికల్లా తమ మేడలో అందరిళ్లకూ మిఠాయి అందించేయాలని వందన అనుకుంది. ఇండోర్‌లోని ఆ మూడంతస్తుల ఇంట్లో ఎవరిని వదిలినా వదలొచ్చు గాని, ఎదురింటి సరోజ్‌ని వదిలితే బాగుండదు. మేడమీద సరోజ్ ఆరబెట్టిన మిరపకాయల ఘాటు వందన ఉతికిన దుప్పట్లకు పట్టిన నాటి నుంచి, అంటే ఎనిమిది నెలలుగా, ఇద్దరికీ మాటల్లేవు. పండగపూట మనమే ఒక మెట్టు దిగుదామనుకుని, అల్మరా పై అరలో మిగిలిన ఎర్ర మిఠాయి డబ్బా తీసి సరోజ్ చేతిలో పెట్టి వచ్చేసింది.

స్నానం చేసి వచ్చిన భర్త దినకర్ ఆ అర ఖాళీగా ఉండడం చూసి, డబ్బా సరోజ్‌కి వెళ్లిందని వందన నోట విని నీరుగారిపోయాడు. ధన్‌తేరస్ నాడు భార్యకు తెలియకుండా కొన్న వెండి పట్టీలను ఆ డబ్బాలోనే, కాజూ కత్లీ అడుగు వరస తీసేసి దాచాడు. ఆ మాట ఇప్పుడే చెబితే సరదా పోతుంది. గుట్టుగా ఎదురింటి తలుపు తట్టాడు.

"అమ్మా సరోజ్, ఆ డబ్బా ఇటిచ్చెయ్. మిఠాయి కాస్త పాడైనట్టుంది."

సరోజ్ ముఖం మాడింది. "పాడైందని మాకు పంపారా అన్నయ్యా? నేను విప్పనేలేదు. కింది వాటా బాబూజీకి ఇచ్చేశాను."

ఇద్దరూ కిందికి పరుగెత్తారు. డెబ్బై ఏళ్ల బాబూజీకి మధుమేహం. పాడైన మిఠాయి అనగానే ఆయన మంచమెక్కి పొట్ట పట్టుకున్నాడు.

"ఎన్ని తిన్నారు?" అంది సరోజ్.

"నాలుగే తల్లీ. మా అబ్బాయికి ఫోన్ చెయ్యి, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

సందడి విని వందన దిగొచ్చింది. "నా మిఠాయి పాడైందన్నదెవరు? చూడండి, నేనే తింటా." డబ్బా మూత తీసింది. పై వరస మొత్తం ఖాళీ. బాబూజీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అడుగున ముక్క ఉంటుందని వందన కాగితం లేపితే వెండి పట్టీలు తళుక్కుమన్నాయి.

సరోజ్ కళ్లు నిండాయి. "వదినా, ఇంత మనసుతో పంపావా? విప్పి చూడకుండానే ఎవరికో ఇచ్చేశానే. నాదే తప్పు." అక్కడే కూర్చుని పెట్టుకుంది. కొలత తీసినట్టు సరిపోయాయి.

వందన భర్త వైపు చూసింది. ఆయన ముఖం చూడగానే సంగతంతా అర్థమైంది. సరోజ్ భుజం మీద చెయ్యి వేసింది.

"పండగపూట ఏడుస్తారా? నీకోసమే పంపాను."

మెట్లెక్కుతూ దినకర్ గొణిగాడు. "అవి నీకోసం కొన్నానే."

"తెలుసు. కానీ అవి నా కాలికి ఎక్కవు. మీరు పద్దెనిమిదేళ్లుగా చూస్తున్న కాలండీ ఇది. సాయంత్రం బజారుకు వెళ్దాం, సరోజ్‌నీ రమ్మన్నాను. ఆవిడకి వెండి బాగా తెలుసు."

ఆ దీపావళికి దినకర్ రెండు జతల పట్టీలు కొన్నాడు, భార్యకు ఒక జత అందింది.