ఈలకు లొంగని కండరం

సోమవారం తొలి బస్సులో సుల్తానాబాద్ నుండి కరీంనగర్ వెళ్ళి, మనవరాలికి స్కానింగ్ చేయించి, మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరాలన్నది లక్ష్మణ్‌రావు పథకం. ఆయన ముప్పై రెండేళ్ళు బడిలో డ్రిల్లు మాస్టరు. మనిషి ఒంట్లోని ప్రతి కండరమూ ఈలకు లొంగవలసిందేనని ఆయన సిద్ధాంతం. దానిని ధిక్కరించినది ఎనిమిదేళ్ళ రచన మూత్రాశయం. పిల్ల ఇప్పటికీ పక్క తడుపుతోంది. ఎవరు తడిపిన బట్ట వారే ఉతకాలని ఆయన ఇంట్లో శాసనం చేశాడు. అది చాలదన్నట్టు, పక్క పొడిగా ఉండేదాకా లక్సెట్టిపేటలో వాళ్ళ చిన్నమ్మ పెళ్ళికి కూడా రచనను తీసుకుపోనన్నాడు.

పరీక్షకు ముందు అర లీటరు నీళ్ళు తాగి, పిలిచేదాకా ఆపుకోవాలని డాక్టర్ మమతారాణి చెప్పి ఉంది. బస్సు దిగాక రచన సీసా వైపు బెంగగా చూసింది.

"ఆపుకునుడు ఎట్లనో నేను చూపిస్త. నాతోని తాగు" అని లక్ష్మణ్‌రావు, పెద్దవాడు గనుక, తాను లీటరు తాగాడు.

స్కానింగ్ కేంద్రంలో తొమ్మిది మంది ముందున్నారు. వంతు రాగానే చూసి, పిల్ల మూత్రపు సంచి ఇంకా నిండలేదని, మరికొన్ని నీళ్ళు తాగమని పరీక్ష చేసే ఆఫ్రీన్ చెప్పింది. ఇద్దరూ తాగారు. అంతలో కరెంటు పోయింది. అక్కడున్న ఒకే ఒక్క మరుగుదొడ్డి పక్కన లక్ష్మణ్‌రావు అటెన్షన్‌లో నిలబడ్డాడు. లోపలికి వెళితే మనవరాలి ముందు ఓడినట్టే. ఆమె మాత్రం కాళ్ళూపుతూ కూర్చుంది.

"తాతా, నీ మొఖం గట్లయిందేంది?"

"ఏం కాలే. నువ్వు నడుము నిటారుగ పెట్టి కూసో."

గంటన్నరకు కరెంటు వచ్చి, పరీక్ష సగం అయింది. ఇప్పుడు మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేసి వస్తే, లోపల ఎంత మిగిలిందో చూస్తానంది ఆఫ్రీన్. "జర నిమ్మళంగ కూసో బిడ్డా. అయినంక ఇరవై దాక లెక్కబెట్టి, మళ్ళొకసారి పొయ్యాలె."

రచన లోపల గడియ పెట్టుకున్న క్షణానే లక్ష్మణ్‌రావు ఓటమిని అంగీకరించాడు. తలుపు తట్టాడు.

"బిడ్డా, జల్ది రా."

"ఆగు తాతా. సిస్టర్ నిమ్మళంగ కూసోమన్నది. ఏడు... ఎనిమిది..."

పద్నాలుగు దగ్గర తెల్లని పంచె తడిసింది. ఎదురుగా కూర్చున్నవారంతా మర్యాదగా గోడ గడియారం చూశారు.

రిపోర్టు చూసి మమతారాణి విడమరచి చెప్పింది. మెలకువలో మాట వినే ఆ కండరం, నిద్రలో సంచి సగం నిండగానే తనంతట తానే బిగుసుకుంటోంది. ఆ కబురు పిల్లను లేపడం లేదు. మందు ఉంది, ఓపిక కావాలి. "గిది సోమరితనం కాదు సార్. శిక్ష వేస్తె కండరానికి తెల్వది, పిల్లకు తెలుస్తది."

నడుముకు మనవరాలి చున్నీ చుట్టుకుని ఉన్న లక్ష్మణ్‌రావు తల ఊపి మందుచీటీ అందుకున్నాడు.

ఇంటికి చేరాక సరళాదేవి భర్త పంచె చూసింది. సబ్బు బిళ్ళ చేతిలో పెట్టింది.

"రూలు మీరు పెట్టిందే గదా."

తాత మాట వెనక్కి తీసుకోవడంతో, శుక్రవారం లక్సెట్టిపేట పెళ్ళికి బయలుదేరుతూ రచన తన సంచిలో పక్క మీద పరిచే రబ్బరు షీట్లు రెండు సర్దింది. రెండోది ఎవరికని లక్ష్మణ్‌రావు అడగలేదు.