ఒకే పందిరి, రెండు ఫైళ్లు

ఆ సోమవారం పొద్దున శృతి అనుకున్నది ఒక్కటే: వేళకు నార్పోలి స్కూలుకు వెళ్లి టీచరుగా చేరిపోవాలి. ఇవాళ రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని వాళ్లు చెప్పేశారు. ఆమె సంచి భుజాన వేసుకునేసరికి తల్లి కాత్యాయని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నౌకరీ ఏంది బిడ్డా? రేపో ఎల్లుండో వీసా వస్తది."

"పెండ్లయిన కాడికెల్లి రేపో ఎల్లుండో అనే అంటున్నవ్."

"ప్రాజక్తది రాలేదా? ఒక్క పందిట్లనే రెండు పెండ్లిళ్లు. మనమే ముందు అప్లై చేస్తిమి."

శృతికి ఒళ్లు మండింది. బాబాయి కూతురికి వీసా వచ్చినప్పటి నుంచి వాళ్లుండే నాగావ్ గల్లీ అంతా ఇదే ప్రశ్న. "ఎన్నిసార్లు చెప్పాలె? వాళ్లాయన అమెరికా సిటిజన్. సిటిజన్ పెండ్లానికి కోటా లేదు. మా ఆయనది గ్రీన్ కార్డే. ఏడాదికి ఇంతమందికే అని లెక్కుంటది. లైన్లే వేరు."

కింద నేత సాంచాలు వదిలి చాయ్ కోసం పైకొచ్చిన తండ్రి వెంకటేశం ఒప్పుకోలేదు. "సాంచ మీద ముందు ఎక్కించిన నూలు బీము ముందు దిగాలె గదా."

"నూలు రకం వేరైతే దిగుతదా బాపూ?"

అప్పుడే అమెరికా నుంచి భర్త ఆశిష్ ఫోన్ చేశాడు. శృతి స్పీకర్ పెట్టింది.

"శృతీ, ఇమిగ్రేషనోళ్లు సంజాయిషీ అడిగిన్రు. మొన్న అత్తమ్మ పంపిన పెండ్లి ఫొటోలు సరిగ చూడకుండ అప్‌లోడ్ చేసిన. అన్నింట్ల నా పక్కన ప్రాజక్తనే ఉన్నది."

శృతి తల్లివైపు తిరిగింది. "ఏం ఫొటోలు పంపినవ్?"

"సాక్ష్యం ఎక్కువుంటే జల్ది అయితదనుకున్న." కాత్యాయని గొంతు తగ్గింది. "నేను మంచిగ పడ్డయే ఏరి పంపిన. అప్పుడు నువ్వు చీర మార్చుకోను పోతివి."

తప్పు దిద్దుకోవాలని ఆమె వెంటనే తోడికోడలు లక్ష్మవ్వకు ఫోన్ చేసి, "మీ ప్రాజక్త మా అల్లుని పెండ్లాం కాదని ఒక కాగితం రాసియ్యి" అంది. లక్ష్మవ్వ కాగితం లేకుండానే ఎదురింటి నుంచి వచ్చేసింది.

"నా బిడ్డ నీ అల్లునికి పెండ్లాం ఎప్పుడైందక్కా? నా అల్లుడు వింటే ఏమంటడు?"

సాంచాల మోతను మించి అరుస్తోంది. సంగతేమిటో విందామని కింద పనివాళ్లు సాంచాలు ఆపేశారు. మోత ఆగింది గాని లక్ష్మవ్వ గొంతు తగ్గలేదు. మాట గల్లీ చివరికి చేరేసరికి ఆశిష్‌కు ఇద్దరు పెళ్లాలయ్యారు.

ఆశిష్ ఇంకా లైన్లోనే ఉన్న శృతి ఫోన్‌ను వెంకటేశం లాక్కున్నాడు. "అల్లుడా, ఇంకెన్ని రోజులు?"

"మన జవాబు చూసేదాక ఫైల్ కదలదు మామా. ఏడాదన్న పట్టొచ్చు."

కాత్యాయని గుమ్మం వదిలి కుర్చీలో కూలబడింది.

"ఇప్పుడు చెప్పు, రేపా, ఎల్లుండా?" అంది శృతి.

లక్ష్మవ్వే కొంగు దులుపుకుంటూ, "పోనియ్యక్కా. ఏడాదంత ఇంట్ల కూసోని నిన్ను తిట్టుడు కంటే నౌకరే నయం" అంది.

శృతి దడదడా మెట్లు దిగింది. కోపం ఇంకా తగ్గలేదు గాని, నార్పోలి ఆటో మాత్రం వెంటనే దొరికింది.