పేలని తుపాకికి పెద్దపీట

ప్రతి ఇంట్లోనూ ఒక తుపాకి ఉండాలి. అదీ పేలనిదై ఉండాలి! సోఫా లేకపోతే చాప పరుచుకుంటాం, ఫ్రిజ్ లేకపోతే కుండ పెట్టుకుంటాం. పేలని తుపాకి లేకపోతే మాత్రం ఆ ఇంటికి మర్యాద ఎక్కడి నుంచి వస్తుంది, మీరే చెప్పండి?

నవ్వకండి. ఈ సత్యాన్ని మనందరికంటే ముందు గ్రహించినవాడు తిరుత్తణి మురళీధరన్. ఆవడిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కందిపప్పుకూ సాంబారు పొడికీ కాపలా కాశాడు. అయితే ఆ ఫ్యాక్టరీలో మిలిటరీ బండ్ల సామాన్లు తయారయ్యేవి కాబట్టి తానూ మిలిటరీ మనిషినేనని ఆయన నమ్మకం. అంతటి మనిషి ఇంట్లో అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించేది ఏమిటి? ముందుగదిలో గుంట మగ్గం, దాని మీద చీర నేస్తూ భార్య దేవకి! ఎంత నామోషీ!

తమిళుల ఆడి నెలలో తిరువళ్లూరులో మూతపడిన ఒక ప్రైవేటు స్కూలు సామాను వేలం వేశారు. విరిగిన బెంచీల మధ్య ఆయనకు ఒక డ్రిల్ రైఫిల్ కనిపించింది. ఎప్పుడో సిపాయిలకు కవాతు నేర్పడానికి వాడిన రైఫిల్ అది. గొట్టంలో ఇనుప బిరడా దిగ్గొట్టి, పక్కన బెజ్జం పెట్టి, ఏనాటికీ గుండు దూరకుండా చేసేశారు. పెళ్లిచూపుల్లో దేవకిని కూడా ఆయన అంత తేరిపార చూడలేదు. పోటీగా పాడేవాడు ఎవడూ లేకపోయినా గట్టిగా పాడి సొంతం చేసుకున్నాడు.

పద్ధతి ప్రకారం పోలీసులకు చూపించాడు. వాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి లైసెన్సు అక్కర్లేదు, తీసుకుపొమ్మన్నారు. అవమానం కాదూ? "బాగా చూడండి సార్, శానా డేంజర్ సార్ ఇది!" అని బతిమాలాడు. తన తుపాకి ప్రమాదకరమైనదని రాసిమ్మని పోలీసుల కాళ్లావేళ్లా పడ్డ మనిషి ఇంకెక్కడైనా ఉన్నాడా? వాళ్లు టీ ఇప్పించారు గానీ డేంజర్ అని మాత్రం రాయలేదు.

ఆ రోజు ఆడి కృత్తిక, మురుగన్ పండగ. రైఫిల్‌ని పసుపు పంచెలో చుట్టి, భుజాన పెట్టుకుని లోకల్ ట్రైన్ ఎక్కాడు. మురుగన్ కొండకు పోయే జనంతో బోగీ కిక్కిరిసి ఉంది. పసుపు గుడ్డ, భుజాన పొడుగాటి మూట! ఇంకేం కావాలి? "కావడి సామి వస్తా ఉండాడు, జరగండి, జరగండి!" అని ఒకామె కేకేసింది. కిటికీ పక్కన సీటు ఇచ్చారు. ముసలివాళ్లు మూటను తాకి కళ్లకద్దుకున్నారు. బోగీ అంతా "అరోగరా!" అంటే మురళీధరన్ కూడా గొంతు కలిపాడు. ఇది కావడి కాదని చెప్పొచ్చు కదా అంటారా? పండగ పూట లోకల్ ట్రైన్‌లో సీటు దొరికాక నిజం చెప్పినవాణ్ని మీరెప్పుడైనా చూశారా?

ఇల్లు చేరాక సంరక్షణ మొదలైంది. మగ్గం పక్కనే అద్దాల బీరువా వెలిసింది. రైఫిల్ కట్టెకు నువ్వుల నూనె, ఇనుముకు కుట్టుమిషన్ ఆయిల్, పొద్దున్నే మర్దన. నడుం నొప్పికి కాస్త నూనె రాయమని దేవకి అడిగితే ఆయనకు ఏనాడూ తీరిక దొరకలేదు. ఏం చేస్తాడు పాపం, నడుముకు చారిత్రక విలువ లేదు మరి!

ఇక్కడొక సైంటిఫిక్ చిక్కు వచ్చింది. మగ్గానికి చెమ్మ కావాలి. కింద గుంట చల్లగా ఉంటేనే పడుగు పోగులు తెగకుండా నిలుస్తాయి. తుపాకికి చెమ్మ పడదు. అందుకని ఆయన కిటికీలు బిగించి, గదిలో పెద్ద బల్బు వెలిగించి పెట్టేవాడు. పోగులు టపటపా తెగేవి. దేవకి నేయడం ఆపి ముడులేసుకుంటూ కూర్చునేది.

"మామా, ఆ లైటు ఆర్పు. పోగు నిలవడం లేదు."

"హిస్టరీ ముఖ్యమా, నీ పోగు ముఖ్యమా?"

ఎంత న్యాయమైన ప్రశ్న! హిస్టరీ కట్టుకుని బజారుకు పోవచ్చు కదా, చీరలెందుకు?

అంతలో ఆయుధపూజ వచ్చింది. ఏటా ఆ రోజు గంధం, కుంకుమ మగ్గానికి దక్కేవి. ఈసారి ఇంట్లో అసలైన ఆయుధం ఉండగా మగ్గం ముఖం ఎవరు చూస్తారు? మురళీధరన్ రైఫిల్‌ని పసుపు నీళ్లతో కడిగి, గంధం పూసి, బొట్లు పెట్టాడు. దిష్టి పోవాలని నిమ్మకాయలు కోసి గొట్టం పొడుగునా పిండాడు. పూజలో పెట్టినదాన్ని మర్నాటి దాకా కదపకూడదు గనక అట్లాగే వదిలేశాడు. తీసి చూస్తే ఏముంది? గొట్టమంతా ఎర్రగా తుప్పు!

"చూడు, నీ గుంట చేసిన పని!" అని విరుచుకుపడ్డాడు.

"గుంట ఏమి చేసింది మామా? నిమ్మకాయ పిండింది నువ్వు గదా!"

"పూజలో పిండిన నిమ్మకాయ తుప్పు పట్టిస్తుందా? ఇది చెమ్మే. ఆ గుంట పూడ్చేయాల."

దేవకికి ఏడుపొచ్చింది. "మా అమ్మ నేసిన మగ్గం మామా అది. నాకు ఇంకో పని రాదు. పొద్దున లేస్తే నేను యాడ కూర్చోవాల?"

"టీవీ ముందర కూర్చో. సుఖంగా ఉండు" అన్నాడాయన. భార్య సుఖం కోసం ఇంతగా తపించే భర్తలు ఈ రోజుల్లో ఎందరున్నారు?

ఊళ్లో ఒక వారసత్వ సంరక్షణ సంఘం ఉంది. దాని ప్రెసిడెంటు బాలసుబ్రమణ్యం పాత ఇళ్లు కూలగొట్టి ఫ్లాట్లు కట్టే పెద్దమనిషి. పాత వస్తువుల మీద ఆయనకు కాక ఇంకెవరికి అధికారం ఉంటుంది? రైఫిల్ సంగతి విని, ఇంటికొచ్చి సన్మానం చేస్తామని కబురు పెట్టాడు. ఫొటోలకు మగ్గం అడ్డం రాకుండా చూడమని ఒక మాట కూడా చేర్చాడు. మురళీధరన్‌కి కావలసింది అదే. సన్మానం రోజు తెల్లారగానే మేస్త్రీ దిగాడు. సగం నేసిన చీరను పడుగుతో సహా కోసేశారు. మగ్గం కర్రలు పెరట్లో పడ్డాయి. గుంటలో రాళ్లూ మట్టీ నింపి పైన సిమెంటు మెత్తారు. దేవకి గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది.

సాయంత్రం జనం వచ్చారు. మురళీధరన్‌కి శాలువా కప్పారు. మిల్లులో తయారైన పాలిస్టర్ శాలువా, అంచుకు ప్లాస్టిక్ జరీ. బాలసుబ్రమణ్యం మైకు అందుకుని, మన పెద్దల చేతుల్లో మెలిగిన వస్తువును కంటికి రెప్పలా కాపాడుతున్నాడని మెచ్చుకున్నాడు. మన పెద్దలట! ఆ వీధిలో తుపాకి పట్టిన పెద్ద ఒక్కడైనా ఉన్నాడా? అందరూ నేసి నేసి పోయినవాళ్లే. అయినా చప్పట్లు బాగానే మోగాయి.

వెనక్కి తిరిగేటప్పుడు ప్రెసిడెంటుగారి బూటు పచ్చి సిమెంటులో దిగబడింది.

"ఇక్కడ ఏమి ఉన్నింది?" అని చిరాగ్గా అడిగాడు.

"మగ్గం సార్, పాతది" అన్నాడు మురళీధరన్.

"వర్కింగ్ కండిషనా?"

"నిన్నటి దాకా నేస్తా ఉన్నింది సార్."

"అట్లయితే మన సంఘం కిందికి రాదు" అని బూటు తుడుచుకుంటూ తేల్చేశాడు ప్రెసిడెంటు. "పనిచేసేది హెరిటేజ్ ఎట్లవుతుంది? పని ఆగిపోయి ఉండాల."

గుమ్మం దగ్గరి నుంచి దేవకి ముందుకొచ్చింది.

"ఆగిపోయింది సార్. కర్రలు పెరట్లో ఉండాయి. నేను ఈడ్నే ఉండాను. ఇద్దరికీ చాలేంత అద్దాల పెట్టె ఒకటి చేయించండి."