అరసికెరె దారిలో వెలసిన చెరువు

మైసూరు మహారాజావారి ఏలుబడిలో గుంత దానంతటది ఏర్పడదు. ఏర్పడినట్లు కచేరి అంగీకరించవలెను. ఆ అంగీకారం లభించేవరకు అందులో పడినవారు సమతలం మీద నిలిచి ఉన్నట్లే లెక్క. హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసినంత కాలం నేనీ సూత్రాన్ని ఎరుగను. పింఛను పుచ్చుకొన్న తర్వాత ఓబళప్ప పుణ్యమా అని తెలిసింది.

ఓబళప్ప మా ఊరి రైతు. అరసికెరె నుంచి హొసకోటకు పోయే దారిలో, ఒక పక్క బండ, ఒక పక్క వాగు ఉన్న ఇరుకు చోట, అతని బండి గుంతలో దిగి ఇరుసు విరిగింది. పండిన శెనక్కాయలు ఇంటి ముంగిట రాశిగా ఉన్నాయి. అవి మొలకెత్తకముందే హొసకోట సంతకు చేరాలి. వేరే దారి లేదు.

"అయ్యవారూ, ఇంగిలీసులో ఒక అర్జీ రాయండప్పా. తెలుగులో చెప్తే నవ్వినారు, కన్నడంలో చెప్తే రేపు రమ్మన్నారు."

నేను రాశాను. ("సవినయంగా మనవి చేసుకొనునది" అన్న మాటను ఇంగ్లీషులో మూడు విధాల రాయవచ్చు. మూడూ రాశాను.) మార్గక్షేమ పరామర్శ కచేరి నుంచి ఓవర్సీరు తిప్పేస్వామి తనిఖీకి వచ్చాడు. గుంత ఒడ్డున గొడుగు పట్టుకొని నిలబడి నిబంధన చదివాడు: ఎద్దు పడినది పల్లం, రైతు పడినది అజాగ్రత్త, అధికారి పడినది మాత్రమే గుంత.

"అట్లయితే మీరే ఒకసారి దిగండి సామీ, పని అయిపోతాది," అన్నాడు ఓబళప్ప.

"నేను తాత్కాలిక ఉద్యోగిని. నేను పడితే చెల్లదు," అన్నాడు తిప్పేస్వామి, నిజమైన విచారంతో.

పైగా, పల్లం ఒక ఋతువు పాటు నిలకడగా ఉన్నదని రుజువైతే గాని పైకి రాయరాదట. కనుక వేచి ఉన్నాము. ఇంతలో వాన కురిసింది. చుట్టూ మద్రాసువారి భూములుండగా నడుమ దీవిలా మిగిలిన మా తాలూకాకు మేఘాలు సాధారణంగా దారి తప్పితేనే వస్తాయి. ఆ ఏడు తప్పాయి. గుంత నిండి పొర్లింది.

చెరువు నిండి కోడి పారితే, అంటే అలుగు పొర్లితే, ఆడవాళ్ళు చేటలో పసుపు, కుంకుమ, గాజులు పెట్టి గంగమ్మకు బాగినం ఇవ్వడం మా వైపు ఆచారం. అసలు చెరువు నిండగా చూసిన స్త్రీ మా ఊళ్ళో లేదు. ఓబళప్ప భార్య కాటమ్మ ఊరి ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకొని పోయి గుంతకు బాగినం ఇచ్చి వచ్చింది.

"ఏందే, మన బండి విరగ్గొట్టిన గుంతకా పూజ?"

"నువ్వు ఊరుకోప్పా! నీళ్ళు యాడుంటే ఆడే గంగమ్మ. నీ బండి గురించి ఆయమ్మతో చెప్పే వచ్చినాను."

చెప్పిన ఫలితం వారం తిరక్కుండా కనిపించింది. మళ్ళీ తనిఖీకి వచ్చిన తిప్పేస్వామి నీళ్ళ మీద తేలుతున్న చేట చూసి, టోపీ తీసి, "బాగినం అందుకొన్నది చెరువు" అని రాసుకొన్నాడు.

"చెరువు కాదు సామీ, అది మా గుంత!"

"బాగినం ఇచ్చినది ఎవరు?"

"మా ఇంటిదే."

"సంతోషం. మొదటి సాక్షి దొరికింది."

అంతట ఆజ్ఞలు వెలువడ్డాయి. గుంత చెరువైనది గనుక దారి దాని కట్ట. కట్ట మీద బండ్లు నడపరాదు. చెరువు పూడ్చుట నేరం. (ఓబళప్ప అప్పటికే తెచ్చి పెట్టుకొన్న రాళ్ళను నేరానికి సన్నాహంగా నమోదు చేశారు.) ప్రభుత్వ పక్షాన బాగినం సమర్పించడానికి తాలూకాకు పెద్ద అధికారి అయిన అమల్దారువారు స్వయంగా విచ్చేస్తారని కూడా తెలిసింది.

ఆయన వచ్చే రోజు ఉదయం ఓబళప్ప, వాన తగలకుండా ఇంట్లో దాచిన శెనక్కాయల బస్తాలు ఇరుసు మార్చిన బండికెత్తి, ఒక్కసారి దాటనివ్వమని కాళ్ళు పట్టుకొందామని కట్ట మీద కాచుకొని ఉన్నాడు. అమల్దారువారి మోటారు వచ్చింది. సన్నాయి మోగింది. మోటారు చెరువులోకి ముక్కు దించి ఆగిపోయింది.

ఊరంతా ఒడ్డుకు ఉరికింది. అధికారి పడ్డాడు! "అయ్యవారూ, ఇంక ఇది గుంతే అయిపోయినాది!" అని ఓబళప్ప నన్ను కౌగిలించుకొన్నంత పని చేశాడు.

"పడలేదు," అన్నాడు తిప్పేస్వామి రాస్తూ. "అమల్దారువారు చెరువు లోతును స్వయంగా పరీక్షించి తృప్తి చెందారు."

మొల లోతు నీళ్ళలో నిలబడిన అమల్దారువారు తృప్తిగా తల ఊపారు. ఓబళప్ప తన ఎద్దులను విప్పి, మోకు కట్టి, మోటారును గట్టెక్కించాడు.

మరునాడు అతనికి నోటీసు వచ్చింది: కట్ట మీద బండి నిలిపిన నేరానికి, సదరు బండిని, అందులోని సరుకుతో సహా, సాక్ష్యంగా హొసకోట కచేరికి తోలుకొని రావలెను. సాక్ష్యం దారిలో చెడిపోకుండా కచేరివారే మనుషులను పంపి, ఆ రాళ్ళతోనే చెరువును పూడ్పించారు. బండి దాటగానే, పూడ్చిన నేరం తమకు అంటకుండా, రాళ్ళన్నీ తీయించారు.

ఓబళప్ప మందలింపు విని, కచేరి ఎదుటి సంతలో సాక్ష్యాన్ని మంచి ధరకు అమ్ముకొని వచ్చాడు. గంగమ్మ మాట తప్పలేదని కాటమ్మ ఊరంతా చెప్పుకొంది.

ఈనాడు మా ఊళ్ళో దారి బాగుచేయమని ఎవరూ అర్జీ పెట్టడం లేదు. సంతకు సరుకు తోలవలసిన రైతులు తెల్లవారేసరికి నా అరుగు మీద కూర్చుంటున్నారు. ఎవరు ఏ నేరం చేయాలో నేను ఇంగ్లీషులో రాసి ఇస్తున్నాను.