దయచేసి నన్ను తప్పుకోమనండి

గెలవడంలో సుఖం లేదు. ఓడిపోవడంలోనూ లేదు. అసలైన సుఖమంతా ఓడిపోతూ ఉండటంలో ఉంది. డెబ్బై రెండేళ్ల వయసులో, మోకాళ్లు రెండూ నా మాట వినడం మానేశాక, ఈ సత్యం నాకు బోధపడింది. కనుక పాఠకులారా, మీరూ ఏదో ఒక పోటీలో దిగండి. దిగి, బాగా వెనకబడండి. ఆ తరువాత మీకు జరిగే మర్యాదలు చూడండి!

విషయం క్రమంగా చెబుతాను. మా వార్డులో మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నది పార్టీ సభ్యులే ఓటు వేసి తేలుస్తారు. వార్డుకు అయిదు వీధులు. ఆదివారానికి ఒక వీధి. పెట్టె ఆ వీధికి వస్తుంది, సభ్యులు వరసలో నిలబడతారు, ఓటు వేసినవారి సభ్యత్వ కార్డుకు కార్యదర్శి పంచింగ్ మెషిన్‌తో ఒక చిల్లు పెడతాడు. పోటీలో ఉన్నది ఇద్దరం. నాలుగు ఆదివారాలు గడిచేసరికి బిల్డర్‌గారికి మూడు వందల పన్నెండు ఓట్లు, నాకు నలభై ఒకటి. మిగిలిన అయిదో వీధిలో సభ్యులు అరవై మంది. అరవై మందీ నాకే వేసినా నేను గెలవను. ముప్ఫై ఆరేళ్లు లెక్కలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని. ఈ మాత్రం కూడిక నాకు వచ్చు.

రిటైరైన నాటి నుంచి మా ఇంటి కాలింగ్ బెల్‌ను కరెంటు మీటరు చూసే మనిషి తప్ప మరొకరు నొక్కిన జ్ఞాపకం లేదు. ఇప్పుడో? ఈ నెలలో బ్యాటరీ రెండుసార్లు మార్చాను.

మొదట వచ్చింది మా చెల్లెలు. మా అమ్మ కుట్టుమిషను నేను తెచ్చుకున్నానని ఎనిమిదేళ్లుగా నాతో మాటలు మానేసిన మనిషి.

"అక్కా, నీకెందుకే ఈ గోల? నలుగురూ నవ్వుతున్నారు. గౌరవంగా తప్పుకో" అంది.

"నలుగురు కాదే, మూడు వందల పన్నెండు మంది" అన్నాను.

ఎనిమిదేళ్ల మౌనం ఒక్క వాక్యంతో ముగిసింది. వెళ్లేటప్పుడు మూత తీసి మిషను వంక కూడా చూసుకుంది. ఇంతటి మేలు గెలుపు చేయగలదా?

తరువాత డాక్టరుగారు. పిలవకుండా డాక్టరు ఇంటికి రావడం మీ అనుభవంలో ఉందా? నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పెదవి విరిచారు. "నూట అరవై ఉందండీ. పోటీ మానేస్తే నూట ముప్ఫైకి దిగుతుంది."

"చీటీ మీద రాసివ్వండి" అన్నాను.

"దీనికి చీటీ ఎందుకండీ, నోటిమాటే" అన్నారాయన. ఏ మందుల షాపులోనూ దొరకని ఈ వైద్యం ఉచితం. వారి కొత్త క్లినిక్‌కు మూడో అంతస్తు వేస్తున్నది మా బిల్డర్‌గారే అన్నది కేవలం నిర్మాణరంగానికి చెందిన విషయం.

ఆపై సాక్షాత్తు బిల్డర్‌గారే విచ్చేశారు. "మేడమ్, మీరు మాకు తల్లిలాంటివారు" అన్నారు.

"తల్లిని ఇంట్లోంచి పొమ్మంటావా నాయనా?"

"పొమ్మనడం ఏంటి మేడమ్, విశ్రాంతి తీసుకోమంటున్నా. గౌరవ సలహాదారుగా ఉండండి. మీకో కుర్చీ వేయిస్తా."

కుర్చీ ఏ గదిలో వేస్తారో అడిగాను. ఆ గది ఇంకా కట్టలేదట. నలభై ఒక్క ఓట్ల మనిషికి, కట్టని గదిలో, వేయని కుర్చీ! రెండు వందలు వచ్చి ఉంటే నన్ను పలకరించి ఉండేవారా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను చదివింది కాన్వెంటులో. ఒక ఏడు ఆటల పోటీల్లో నేను అందరికంటే ఒక పూర్తి రౌండు వెనక పరుగెత్తుతున్నాను. బహుమతులు ఇవ్వడం అయిపోయింది, కుర్చీలు మడిచేశారు. ఈల పట్టుకున్న సిస్టర్ మాత్రం గీత దగ్గర నుంచి కదల్లేదు. నేను రొప్పుతూ గీత దాటాకే ఈల ఊది, నా పేరు పుస్తకంలో రాసుకుంది. ఆవిడ కఠినాత్మురాలని చాలా ఏళ్లు అనుకున్నాను.

నాలుగో ఆదివారం గడిచిన మంగళవారం కార్యదర్శి వచ్చాడు. ఒకప్పుడు నా క్లాసులో ఎక్కువ కాలం బెంచీ మీదే గడిపిన విద్యార్థి.

"టీచర్, ఒక్క సంతకం" అని కాగితం చాపాడు.

'పార్టీ ఐక్యతను దృష్టిలో ఉంచుకుని, సభ్యులందరి అభీష్టం మేరకు, సంతోషపూర్వకంగా పోటీ నుంచి విరమించుకుంటున్నాను.'

అలవాటు చొప్పున ఎర్ర పెన్ను తీశాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

"ఎవరు రాశారయ్యా ఇంత చక్కగా?"

"మీరే టీచర్. పదిహేనేళ్ల కిందటి ఫైల్లో దొరికింది. పేరొక్కటి మార్చాం."

అవును, నేనే. అప్పుడు కార్యదర్శిని నేను. పంచింగ్ మెషిన్ నా చేతిసంచీలో ఉండేది. ఆనాడు వెనకబడిన అభ్యర్థి ఒక టైలరు. ఉండేది అయిదో వీధిలోనే. చెత్తబండ్లు నడిపేవారు, రోడ్లు ఊడ్చేవారు కాపురాలుండే వీధి అది. ఇళ్ల ముందే మూతలేని మురుగుకాలువ. నాలుగో ఆదివారం కాగానే నేను వెళ్లి, అతని కత్తిరింపుల బల్ల పక్కన కూర్చుని, ఐక్యత గురించి అరగంట ఉపన్యసించాను.

"వచ్చే ఆదివారం మా వీధే కదా టీచరమ్మా. ఒక్క వారం ఆగకూడదా?" అన్నాడు.

"ఎలాగూ ఓడిపోయేదానికి వారం దేనికయ్యా?" అన్నాను.

సుద్దముక్క పక్కన పెట్టి సంతకం చేశాడు. ఎంపిక ఏకగ్రీవమైంది. పెట్టె ఆ వీధికి వెళ్లలేదు. తరువాత జరిగిన ప్రతి పోటీలోనూ నాలుగో ఆదివారం కాగానే ఎవరో ఒకరికి నా ఉత్తరం చేరింది. ఎవరో ఒకరు సంతోషపూర్వకంగా విరమించుకున్నారు. 'సభ్యులందరి అభీష్టం' అని అంత అందంగా రాసినదాన్ని, అరవై మందిని అడగలేదన్న సంగతి గమనించలేదు. వాక్యం బాగా కుదిరింది; అది చాలనుకున్నాను.

ఈ ఏడు చలికి కోటు కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ టైలరే కొలతలు తీసుకుంటూ తన సభ్యత్వ కార్డు చూపించాడు. "చూడండి టీచరమ్మా, పదహారేళ్ల నుంచి వాడుతున్నా. ఎంత కొత్తగా ఉందో." ఒక్క చిల్లు లేదు. మర్నాడే నేను నామినేషన్ వేశాను.

కాబట్టి కార్యదర్శి తెచ్చిన కాగితం మీద మారుమాట లేకుండా సంతకం చేశాను. తేదీ మాత్రం అయిదో ఆదివారం తరువాతి సోమవారంగా వేశాను.

"సోమవారం తప్పుకుంటే ఎవరికి లాభం టీచర్?" అన్నాడు.

"జవాబు తట్టేదాకా బెంచీ మీద నిలబడు" అన్నాను. పాపం, సోఫా మీద నుంచి సగం లేచాడు.

పెట్టె వస్తుందనగానే బిల్డర్‌గారు జీవితంలో మొదటిసారి అయిదో వీధికి వెళ్లారు. తెల్లబూట్లతో వెళ్లారు. గురువారానికల్లా మురుగుకాలువ మీద సిమెంటు పలకలు పడ్డాయి. ఆదివారం యాభై ఏడు మంది ఓటు వేశారు. బిల్డర్‌గారికి నలభై తొమ్మిది, నాకు ఎనిమిది. న్యాయం కోసం పోరాడేవారికి ప్రజలు ఎప్పుడూ అండగా ఉంటారని అందుకే అంటాను.

సోమవారం నా విరమణ అమల్లోకి వచ్చింది. డాక్టరుగారు రాలేదు. కుర్చీ రాలేదు. బెల్లు ఒక్కసారే మోగింది. టైలరు, కోటు తెచ్చాడు. తొడుక్కుని నిలబడ్డాను.

"చెప్పకూడదు గానీ టీచరమ్మా, ఆయనకే వేశా. పలకలు వేయించాడు కదా, మరి."

"మంచి పని చేశావు" అన్నాను, పళ్లు బిగించి.

జేబులోంచి కార్డు తీసి, మూలనున్న చిల్లును కంటికి ఆనించుకుని, నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఏం కనబడుతోంది?"

"ఓడిపోయినావిడ" అన్నాడు. "కదలకండి టీచరమ్మా, భుజం కాస్త వదులైనట్టుంది."